చిలికా సరస్సు: మన విహారస్థలం, వారి పనిస్థలం

(ఫెడరేషన్ కార్మిక విద్యా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



రేపటి కార్యక్రమంలో చిట్టచివరి అంశంగా చిలికా విహారం ఉన్నది. ఎల్లుండి ప్రతినిధుల సభ ముందుకు ఒక తీర్మానం రానున్నది. రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబాల నిమిత్తం చిలికా ఒడ్డున స్థలం తీసుకొని, ఫెడరేషన్ తరఫున ఒక విశ్రాంతి గృహం నిర్మించాలని కొన్ని శాఖలు ప్రతిపాదించాయి. ప్రతిపాదించిన మిత్రుల ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. రాత్రింబగళ్ళు బండ్లు నడిపే రన్నింగ్ సిబ్బందికి, ఎండలో పట్టాల వెంట నడిచే ట్రాక్ కార్మికునికి, కదిలే పెట్టెలో నిలబడి ఉత్తరాలు వేరుచేసిన తరానికి చెందిన ఆర్.ఎం.ఎస్. ఉద్యోగికి నాలుగు రోజుల విశ్రాంతి అనేది ఎవరో దయతలచి ఇచ్చిన కానుక కాదు. సెలవు కోసం, పనిగంటల పరిమితి కోసం మన పెద్దలు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, జైళ్ళకు వెళ్ళారు. కనుక విహారమనే మాటను చిన్నచూపు చూసే హక్కు కార్మిక సంఘానికి లేదు.

అయితే, చేయెత్తే ముందు ఆ నీటి చరిత్ర ఒకసారి వినవలసిందిగా కోరుతున్నాను. ఎందుకంటే మనం విహరించదలచిన ఆ సరస్సు దాదాపు రెండు లక్షల మంది మత్స్యకారులకు పనిచేసే చోటు. మన వర్క్‌షాపు ఆవరణలో పరాయివారు విడిదిగృహం కట్టుకుంటామని వస్తే మనం ఏమి అడుగుతామో, వారు కూడ అదే అడుగుతారు. ఎవరి అనుమతితో? ఎవరి స్థలంలో? మా పనికి అడ్డం రాదు కదా?

చిలికాను చూడనివారు మనలో తక్కువ. హౌరా మార్గంలో పనిచేసినవారికైతే అది ఇంటిపక్క చెరువు వంటిది. బరంపురం దాటి ఛత్రపూర్, గంజాం, హుమ్మా మీదుగా రంభ చేరేసరికి కుడిచేతి వైపు నీరు కనబడుతుంది. ఖల్లికోట, బాలుగావ్ దాటేదాకా ఒక పక్క కొండలు, మరొక పక్క నీరు. ప్రయాణికులు కిటికీల వద్దకు చేరతారు, పిల్లలను లేపి చూపిస్తారు. ఎండాకాలంలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వర్షాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లకు పైగా వ్యాపించే ఈ జలరాశి పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాల మధ్య ఉన్నది. తెలుగువారికి ఇది పూర్తిగా పరాయి నీరు కూడ కాదు. 1936 ఏప్రిల్‌లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రం ఏర్పడే వరకు రంభ, ఖల్లికోట ప్రాంతాలు మదరాసు రాజధానిలోని గంజాం జిల్లాలో భాగం. ఈనాటికీ సముద్రం మొగ దగ్గర వలలు వేసే నోలియాలు తెలుగు మాట్లాడే బెస్తలే.

ఈ సరస్సు స్వభావం తెలియనిదే దాని తగాదా అర్థం కాదు. ఉత్తరం నుండి మహానది పాయలైన దయా, భార్గవి మొదలైనవి మంచినీటినీ, దానితోపాటు ఒండ్రునూ తెచ్చి పోస్తాయి. తూర్పున ఒక సన్నని ఇసుక దిబ్బ దీనిని బంగాళాఖాతం నుండి వేరుచేస్తున్నది. ఆ దిబ్బకు పడిన మొగ గుండా పోటు సమయంలో ఉప్పునీరు లోపలికి వస్తుంది, పాటు సమయంలో వెలుపలికి పోతుంది. అందువల్ల ఈ నీరు ఒక మూల తియ్యగా, మరొక మూల ఉప్పగా, నడుమ రెండూ కలిసి ఉంటుంది. వానలకు ఉప్పదనం తగ్గుతుంది, వేసవికి పెరుగుతుంది. పండుగప్ప, రొయ్య, పీత వంటి జీవులకు ఈ రాకపోకలే ప్రాణం. కొన్ని సముద్రంలో పుట్టి ఇక్కడ పెరుగుతాయి. కొన్ని ఇక్కడ పెరిగి గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతాయి. వాటి దారి మొగ. ఆ దారి మూతపడితే సరస్సు పేరుకే మిగులుతుంది. దారికి అడ్డంగా ఎవరైనా గట్టు వేసినా, దడి కట్టినా అదే ఫలితం.

మత్స్యకారులు ఈ సంగతి ఏ కళాశాలలోనూ చదువుకోలేదు. ఏ నెలలో ఏ చేప ఏ దిక్కుగా కదులుతుందో చూసి, దానికి తగినట్లు నీటిని పంచుకున్నారు. వానలు వెనుకబట్టి నీరు తీస్తున్నప్పుడు ఒడ్డువారగా వెదురు దడులు కట్టి లోపల చిక్కిన చేపను పట్టే పద్ధతిని జానో అంటారు. లోతు నీటిలో వలలతో పట్టే చోట్లు బహాని. రొయ్యలను, పీతలను మావులతో పట్టే చోట్లకు వేరే పేరు. కైవర్తులు వల వేస్తే కండరాలు మావులు పెడతారు, నోలియాలు మొగ దగ్గర పెద్ద వలలు లాగుతారు. ఏ ఊరికి ఏ నీరు, ఏ కులానికి ఏ పనిముట్టు అనే కట్టుబాటు తరాల నుండి నడిచింది. దానిలో కుల వ్యవస్థ పెట్టిన గీతలున్నాయి, వాటిని మెచ్చుకోవలసిన పని లేదు. కాని ఒకరి వల మరొకరి కడుపు కొట్టకుండా చూసిన ఏర్పాటు కూడ అదే.

ఇక ఈ కథలో మన రైలు పాత్ర చెప్పాలి. 1890ల దశకంలో తూర్పు తీరపు రైలు మార్గం పడే వరకు చిలికా చేప చుట్టుపక్కల సంతలలో అమ్ముడుపోయేది, మిగిలినది ఎండబెట్టేవారు. రైలు వచ్చిన తర్వాత బాలుగావ్ నుండి ఐసు పెట్టిన గంపలు హౌరాకు ఎక్కడం మొదలైంది. పార్శిల్ ఆఫీసులో పనిచేసిన మన పాత ఉద్యోగులకు ఆ గంపల వాసన, కారే నీటితో తడిసిన ప్లాట్‌ఫారం బాగా జ్ఞాపకం. కలకత్తా విపణి దగ్గర కావడంతో చేపకు ధర వచ్చింది. ధరతోపాటే వ్యాపారి వచ్చాడు. వల కొనడానికి, పడవ బాగుచేయడానికి, వానాకాలపు పస్తులకు అతడు ముందుగా బాకీ ఇస్తాడు. ఈ పద్ధతిని అక్కడ దాదన్ అంటారు. బాకీ తీసుకున్నవాడు పట్టిన చేపను అతనికే, అతడు చెప్పిన ధరకే, అతని తూకానికే ఇవ్వాలి. వడ్డీ కాగితం మీద కనబడదు, తక్కెడలో కనబడుతుంది. మన రైలు మత్స్యకారునికి పెద్ద విపణిని చూపించింది గాని, ఆ విపణికి అతడు స్వతంత్రంగా చేరే మార్గం మాత్రం చూపలేదు. ఇది రైలు తప్పు కాదు, కాని రైలు కార్మికులు తెలుసుకోవలసిన విషయం.

జమీందారీ కాలంలో పరికుద్, ఖల్లికోట మొదలైన సంస్థానాలవారు ఈ నీటికి ప్రభువులు. వారికి శిస్తు కట్టి మత్స్యకారులు చేపలు పట్టుకున్నారు. జమీందారీలు రద్దయిన తర్వాత నీరు ప్రభుత్వపరమైంది. 1959లో బాలుగావ్ కేంద్రంగా మత్స్యకారుల కేంద్ర సహకార మార్కెటింగ్ సంఘం ఏర్పడింది. ప్రభుత్వం నుండి కేంద్ర సంఘం లీజు తీసుకోవడం, దాని నుండి గ్రామాల ప్రాథమిక సంఘాలు తీసుకోవడం అనే ఏర్పాటు నడిచింది. కాగితం మీద ఇది చక్కని ఏర్పాటే. నీరు పనిచేసేవాడి చేతికి వచ్చింది, దళారి తొలగిపోయాడు అని చెప్పవచ్చును. కాని దళారి తొలగలేదు. సంఘానికి లీజు సొమ్ము కట్టడానికి డబ్బు లేదు, డబ్బున్నది వ్యాపారి దగ్గర. అతడు సొమ్ము కట్టి, సంఘం పేరుతోనే నీటిని అనుభవించాడు. సభ్యుల రిజిస్టరు, సర్వసభ్య సమావేశపు మినిట్సు, కార్యదర్శి సంతకం అన్నీ సక్రమంగా ఉన్నాయి. సభ్యులు మాత్రం కూలివారయ్యారు. మన క్రెడిట్ సొసైటీలు నడిపే మిత్రులు ఈ వాక్యాన్ని కొంచెం నిదానంగా వినాలని మనవి.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ కొల్లేరు. అది మంచినీటి సరస్సు. 1970ల దశకంలో అక్కడి మత్స్యకారులకు, దళితులకు సహకార సంఘాల ద్వారా చేపల చెరువులు ఇచ్చారు. కొంతకాలానికి ఆ చెరువులు సంఘాల పేర్లతో ఉంటూనే పెట్టుబడిదారుల ఆధీనంలోకి పోయాయి. గట్లు సరస్సు మధ్యకు పాకాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ప్రభుత్వం గట్లను పేల్చి కొట్టివేసింది. ఆ యంత్రాలు వచ్చిన నాడు పెట్టుబడిదారు నగరంలో ఉన్నాడు. గట్టు మీద గుడిసెలో ఉన్న కాపలా కూలీ వీధిన పడ్డాడు. పర్యావరణం పేరిట తీసుకునే ప్రతి చర్యలోనూ ఎవరి కూలి పోయిందనే ప్రశ్న కార్మిక సంఘం వేయక తప్పదు.

చిలికాలో పెద్ద తుపాను రొయ్య రూపంలో వచ్చింది. 1980ల దశకంలో జపాను, అమెరికా, ఐరోపా విపణులలో టైగర్ రొయ్యకు గిరాకీ పెరిగింది. చేప పట్టే సరస్సు రొయ్య పెంచే క్షేత్రంగా మారింది. లోతు తక్కువ నీటిలో గట్లు వేసి, వలలు చుట్టి, లోపల రొయ్యపిల్లలను వదిలి మేత వేస్తారు. ఈ ఆవరణలను అక్కడ ఘేరీలు అంటారు. ఘేరీ లోపలికి మత్స్యకారుని పడవ పోరాదు. కాపలాదారులుంటారు, కొన్నిచోట్ల ఆయుధాలుంటాయి. నీటి ప్రవాహం ఆగుతుంది, ఒండ్రు పేరుకుంటుంది, చేప దారి మూసుకుపోతుంది.

1986లో ఆనాటి ఒడిశా ప్రభుత్వం పానస్పడా సమీపాన 1,400 హెక్టార్లను టాటా సంస్థ భాగస్వామ్యంతో రొయ్యల పెంపకానికి లీజుకివ్వడానికి నిర్ణయించింది. ప్రతిపక్షంలో ఉండి దానిని ఖండించిన జనతాదళ్, 1990లో అధికారానికి రాగానే అదే పథకాన్ని ముందుకు నడిపింది. ఇటువంటి రంగుమార్పులు మనకు కొత్త కాదు. పే కమిషన్ల విషయంలో ఎన్ని పార్టీలు ఎన్ని మాటలు మార్చాయో ఈ సభలోని ప్రతివారికీ తెలుసును.

దీనికి ఎదురు నిలిచినది నూటికి పైగా గ్రామాలకు ప్రాతినిధ్యం వహించిన చిలికా మత్స్యజీవి మహాసంఘం. భువనేశ్వర్‌లోని విశ్వవిద్యాలయ విద్యార్థులు గ్రామాలకు వెళ్ళి విషయాలు సేకరించి వారికి తోడయ్యారు. 1991లో వేలాది మత్స్యకారులు, స్త్రీలతో సహా, రాజధానిలో ప్రదర్శన జరిపారు. చిలికా బచావో ఆందోళన పేర ఉద్యమం విస్తరించింది. ప్రాజెక్టు గట్టుకు ప్రజలే గండి కొట్టారు. మాజీ మంత్రి, రైతు నాయకుడు బంకబిహారీ దాస్ వంటివారు దీనిని రాష్ట్ర సమస్యగా చేశారు. 1992 చివరికి ఆ పథకం ఆగిపోయింది. దేశమంతటా కొత్త ఆర్థిక విధానాల జయజయధ్వానాలు వినబడుతున్న రోజులలో, దేశంలోకెల్ల పెద్ద పారిశ్రామిక సంస్థలలో ఒకదానిని గోచీలు పెట్టుకొన్న మనుషులు నీటి నుండి వెనుకకు పంపారు. దీనిని మన విద్యా తరగతులలో ఇంతవరకు చెప్పకపోవడం నాకు ఆశ్చర్యం కలిగిస్తున్నది.

పెద్ద కంపెనీ వెళ్ళింది గాని ఘేరీ వెళ్ళలేదు. 1991 డిసెంబరు నాటి లీజు విధానం సరస్సును పట్టుకొనే నీరు, పెంచుకొనే నీరు అని రెండుగా విభజించి, మత్స్యకారేతర గ్రామాలవారికి కూడ వాటా కల్పించింది. ఇక్కడ మనం తొందరపడి తీర్పు చెప్పరాదు. మత్స్యకారేతరులంతా ధనికులు కారు. ఉప్పునీరు పొలాలలోకి ఎక్కి పంట పోయిన చిన్నరైతులు, కూలీలు వారిలో ఉన్నారు. వారికీ బ్రతుకు తెరువు కావాలి. కాని ఆ పేదల పేరు చెప్పి ఘేరీలు వేసినవారిలో అధిక భాగం పెట్టుబడిగల పెద్దలు, వారి వెనుక రాజకీయ నాయకులు. పేదకు పేదను ఎదురు నిలబెట్టి మూడవవాడు లాభపడే పద్ధతిని, ఇ.డి. ఉద్యోగిని రెగ్యులర్ ఉద్యోగికి, కాంట్రాక్టు కార్మికుని పర్మనెంటు కార్మికునికి ఎదురు నిలబెట్టిన రోజుల నుండి మనం ఎరుగుదుము.

తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చిలికా, పులికాట్ సరస్సుల నుండి 1,000 మీటర్ల లోపల రొయ్యల పెంపక పరిశ్రమ ఉండరాదని, ఉన్నవాటిని 1997 మార్చి 31 లోగా తొలగించాలని ఆదేశించింది. పులికాట్‌తోపాటు మన నేలపట్టు పక్షుల ఆశ్రయం కూడ ఆ తీర్పులో ఉన్నది. పత్రికలలో ఇంతవరకే ఎక్కువగా వచ్చింది. మనకు సంబంధించిన మరొక భాగం ఆ తీర్పులోనే ఉన్నది. మూతబడే రొయ్యల పరిశ్రమలలో పనిచేస్తున్న కార్మికులను రిట్రెంచి అయినవారిగా పరిగణించి, నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం పరిహారం ఇవ్వాలనీ, దానికి అదనంగా ఆరు సంవత్సరాల వేతనం చెల్లించాలనీ కోర్టు చెప్పింది. ప్రకృతి రక్షణ, కార్మిక రక్షణ ఒకే తీర్పులో పక్కపక్కన నిలిచిన అరుదైన సందర్భం అది.

మరి అమలు? పరిశ్రమవారు రివ్యూ పిటిషన్లు వేశారు. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, రిజిస్ట్రేషన్ల పద్ధతిలో ఆ పరిశ్రమకు స్థానం కల్పించింది. అవార్డు గెలిచి, అమలు కోసం మళ్ళీ అంతే కాలం తిరిగిన అనుభవం ఏ యూనియన్‌కు లేదు?

చిలికా మత్స్యకారులు అంతకాలం వేచి ఉండలేదు. అధికారులు తొలగిస్తామని చెప్పి తొలగించని ఘేరీలను 1999 మే 29న వారే వెళ్ళి కూలగొట్టారు. ఆ రాత్రి సోరన గ్రామంలో పోలీసులు కాల్పులు జరిపారు. నలుగురు మరణించారు, వారిలో ఒక స్త్రీ ఉన్నది. రేపు మీ రైలు బాలుగావ్ ప్రాంతం దాటుతున్నప్పుడు ఆ ఊరు కనబడదు. కనబడే నీటిలోనే ఆ తగాదా ఉన్నది.

ఆ సంఘటన తర్వాత, 2001లో రాష్ట్ర ప్రభుత్వం రొయ్యల పెంపకానికి సరస్సును లీజుకివ్వడం నిషేధించింది. మరుసటి ఏడాది వచ్చిన చేపల వేట నియంత్రణ బిల్లు మాత్రం మత్స్యకారేతరులకు వాటా ప్రతిపాదించి మళ్ళీ గొడవ రేపింది. అది చట్టం కాలేదు. నిషేధం ఉన్నది, ఘేరీలూ ఉన్నాయి. కోర్టులు, హరిత ట్రిబ్యునల్ గట్టిగా అడిగినప్పుడు యంత్రాలు వెళ్ళి కొన్ని వేల ఎకరాలలో తొలగిస్తాయి. యంత్రాలు వెనుకకు మళ్ళగానే వెదుళ్ళు మళ్ళీ లేస్తాయి.

ఇదంతా విని చిలికా చచ్చిపోయిన సరస్సని అనుకోవద్దు. 1981లో అంతర్జాతీయ రామ్‌సార్ ఒడంబడిక జాబితాలో చేరిన మొదటి రెండు భారతీయ స్థలాలలో ఇది ఒకటి, రెండవది భరత్‌పూర్ కేవలాదేవ్. 1993 నాటికి దీని పరిస్థితి ఎంత దిగజారిందంటే, ప్రమాదంలో ఉన్న వాటి పట్టికలోకి ఎక్కించారు. ఇసుక కదిలి కదిలి మొగ దూరంగా ఉత్తరానికి జరిగిపోయింది, దారి పూడిపోయింది, మంచినీటి కలుపు పెరిగింది. చేపల దిగుబడి 1990ల దశకపు రెండవ సగంలో ఏడాదికి 2,000 టన్నులకు లోపే. చిలికా డెవలప్‌మెంట్ అథారిటీ నిపుణులతో పరిశీలన జరిపించి, పూనాలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం సలహాతో 2000 సెప్టెంబరులో దగ్గరి దారిన కొత్త మొగ తవ్వింది. సముద్రం లోపలికి వచ్చింది. 2001-02 నాటికి దిగుబడి 11,000 టన్నులు దాటింది. 2002లో ప్రమాద పట్టిక నుండి పేరు తొలగింది, రామ్‌సార్ పురస్కారం కూడ వచ్చింది. ప్రభుత్వ రంగంలోని ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు సాధించిన విజయం ఇది. ప్రభుత్వ రంగం ఏదీ సరిగా చేయలేదని ఉదయం లేస్తే వినిపించేవారికి ఈ మొగను చూపించవచ్చు.

కాని పెరిగిన చేప ఎవరి బుట్టలో పడింది? దాదన్ పోలేదు, ఘేరీ పోలేదు. 2013 అక్టోబరులో ఫైలిన్, 2019 మేలో ఫణి తుపానులు పడవలను, వలలను ఊడ్చుకుపోయాయి. మళ్ళీ కొనడానికి మళ్ళీ బాకీ. గంజాం జిల్లా నుండి సూరత్ మరమగ్గాలకు తరలిపోయే యువకులతో మన బండ్ల జనరల్ పెట్టెలు నిండుతున్నాయి. వారు పంపిన మనీ ఆర్డర్లను ఏళ్ళ తరబడి ఇల్లిల్లూ తిరిగి ఇచ్చినది మన పోస్టుమన్లే. దీవుల గ్రామాలకు తపాలా సంచీ పడవ మీద దాటించిన గ్రామీణ డాక్ సేవకులకు చిలికా గురించి నాకంటె ఎక్కువ తెలుసు. వారిలో ఎవరైనా ఈ సభలో ఉంటే చర్చలో మొదట వారే మాట్లాడాలని అధ్యక్షులను కోరుతున్నాను.

ఇప్పుడు విహారం సంగతి. రంభలో, బర్కుల్‌లో, సాతపడాలో రాష్ట్ర పర్యాటక సంస్థ బసలు ఉన్నాయి. కాళీజాయి దీవిలో అమ్మవారి గుడి, మకర సంక్రాంతికి జాతర. నలబన దగ్గర శీతకాలపు పక్షులు, ఇటీవలి గణనలలో సరస్సు మొత్తం మీద పది లక్షలు దాటుతున్నవి. సాతపడా దగ్గర ఇరావదీ డాల్ఫిన్లు, నూటయాభై అటూఇటూగా మిగిలినవి. వాటిని చూపించే పడవలవారు ఎక్కువమంది మత్స్యకార కుటుంబాలవారే. వేట తగ్గిన రోజున ఆ కిరాయే కూడు పెడుతుంది. ప్రయాణికుడు “ఇంకా దగ్గరికి పోనీ” అని తొందరపెడితే పడవవాడు మర వేగం పెంచి డాల్ఫిను మీదికి పోతాడు, ఎందుకంటే కిరాయి ఇచ్చేవాడి మాట కాదనలేడు. ఆ తొందర మనవారి నోట రాకూడదు. టాంగి సమీపాన మంగళజోడి అనే ఊరున్నది. ఒకప్పుడు పక్షులను వేటాడి అమ్మిన గ్రామమది. ఆ వేటగాళ్ళే సమితిగా ఏర్పడి వేట మానుకొని, పక్షులను కాపాడుతూ, తెడ్డు పడవలలో సందర్శకులను తిప్పి జీవిస్తున్నారు. విహారం స్థానికుని చేతిలో ఉంటే ఏమవుతుందో చూడదలచినవారు అక్కడికి వెళ్ళవచ్చు.

మన తీర్మానం విషయంలో నా అభిప్రాయం దాచను. నీటి అంచున స్థలం తీసుకొని కట్టడం కట్టరాదు. ఆ అంచులోని భూమి చాలావరకు తగాదాలో ఉన్నది. నేడు చవకగా అమ్మజూపేవాడు నిన్న ఘేరీ వేసినవాడు కావచ్చు. కార్మికుల చందా సొమ్ముతో అటువంటి భూమి కొని, రేపు మత్స్యకారులు మన గేటు ముందు జెండా పట్టుకు నిలబడితే, మనం గేటుకు ఏ పక్కన నిలబడతాము? విశ్రాంతి గృహం కావాలంటే బరంపురంలోనో, ఖుర్దారోడ్‌లోనో, వాడుకలో లేని రైల్వే క్వార్టర్లను మరమ్మతు చేసి కేటాయించమని యాజమాన్యాన్ని అడుగుదాము. అక్కడి నుండి చిలికాకు ప్యాసింజరు బండి ఉన్నది, మనకు పాసులూ ఉన్నవి. దీనిని సవరణగా ప్రతిపాదిస్తున్నాను.

దానితోపాటు మరొక రెండు మాటలు తీర్మానంలో చేర్చమని కోరుతున్నాను. మన శాఖలు చిలికాకు జట్లుగా వెళ్ళినప్పుడు పడవలను ఏజంట్ల ద్వారా కాక స్థానిక పడవ సంఘాల ద్వారా, వారు నిర్ణయించిన కిరాయికే తీసుకోవాలి. బేరం వద్దు. మన వేతన ఒప్పందాలలో ఎవరైనా బేరమాడితే మనకెంత కోపమో గుర్తుంచుకుంటే చాలును. రెండవది, చేపలు, రొయ్యలు, పీతలు పంపుకొనే మత్స్యకార సహకార సంఘాలకు బాలుగావ్, రంభ స్టేషన్ల నుండి పార్శిల్ స్థలం వ్యాపారులతో సమానంగా దొరికేటట్లు చూడాలని జోనల్ స్థాయిలో మన ప్రతినిధులు అడగాలి. వ్యాన్‌లో ఎవరి గంపకు ముందు చోటు దొరుకుతుందనేది చిన్న విషయంగా కనబడవచ్చు. ఐసు కరిగిపోయే సరకు విషయంలో అది చిన్నది కాదు.

రేపు ఉదయం బండి ఆరు గంటలకు. రంభలో దిగిన తర్వాత రెండు జట్లుగా విడిపోతాము. మొదటి జట్టు కాళీజాయి వైపు వెళుతుంది, రెండవ జట్టు మత్స్యకార గ్రామంలో అక్కడి పెద్దలతో మాట్లాడుతుంది. మధ్యాహ్నం జట్లు మారతాయి. కాగితం, కలం వెంట తెచ్చుకోండి. దాదన్ వడ్డీ ఎంత, లీజు సొమ్ము ఎవరు కడుతున్నారు, సంఘం సమావేశం చివరిసారి ఎప్పుడు జరిగింది, స్త్రీలకు సభ్యత్వం ఉన్నదా అనే ప్రశ్నలు అడిగి రాసుకోండి. ఎల్లుండి తీర్మానం చర్చకు వచ్చినప్పుడు ఆ కాగితాలు అధ్యక్షుల బల్ల మీద ఉండాలి.